బ్లూటూత్ ఓబీడీ స్కానర్: కోడ్ కన్నా లైవ్ డేటాకే విలువ

ఇంజెక్టర్లతో నడిచే పెట్రోలు కారులో ఇంజిన్ లైటు వెలిగితే చాలా షెడ్లలో లోపాన్ని సూచించే కోడ్ చదివి, అందులో పేరున్న భాగాన్ని మార్చేస్తారు. ఆ పద్ధతి ఎందుకు సరిపోదో ఈఎల్‌ఎం 327 రకం చిన్న బ్లూటూత్ ఓబీడీ (కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే) స్కానర్‌ను రాజోలులో మా పాత హ్యాచ్‌బ్యాక్‌కు పెట్టి చూసుకున్నాక నాకు స్పష్టమైంది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో దీన్ని గుచ్చి, ఫోనులో యాప్ తెరిస్తే చాలు, కోడ్‌లతోపాటు సెన్సార్లు ఆ క్షణంలో చెప్పే అంకెలు (లైవ్ డేటా) కూడా కనిపిస్తాయి.

మా బండి ఐడిలింగ్‌లో వణికేది, వంతెన మీద వరుసలో నిలిచినప్పుడు ఆగిపోయేది. కోడ్ పీ 0171, అంటే ఇంధన మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైందని అర్థం. ఒక షెడ్‌లో ఆక్సిజన్ సెన్సార్ మార్చినా అదే కోడ్ మళ్ళీ వచ్చింది. పెట్రోలు ఎంత చిమ్మాలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ముందుగా లెక్క కడుతుంది. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి ఆ లెక్కను సవరిస్తుంది. ఈ సవరణనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే సాధారణంగా చింత లేదు. మా బండిలో ఐడిలింగ్‌లో ఇరవై శాతం దాటినది, 2,500 ఆర్‌పీఎం దగ్గరికి వచ్చేసరికి దాదాపు మామూలుకు దిగింది. త్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే కవాటం) మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లోకి (ఇంజిన్‌కు గాలి పంచే గొట్టాల్లోకి) లీకు ద్వారా దొంగగాలి చొరబడితే దాని ప్రభావం ఎక్కువ, ఇంజిన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు అదే లెక్కకు రాదు. కాబట్టి లీకు కోసం వెతికాం. ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌కు చేర్చే పీసీవీ గొట్టం వంపు దగ్గర పగిలి ఉంది. అది మార్చాక ట్రిమ్ కుదుటపడింది. ఇందుకు భిన్నంగా ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతూ పోతే, పెట్రోలు పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి.

మన గోదావరి డెల్టాకు ప్రత్యేకంగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. ఇక్కడి నేల దాదాపు సముద్రమట్టంలో ఉంటుంది కనుక, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేస్తే మానిఫోల్డ్‌లో గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఇంచుమించు 100 కిలోపాస్కల్స్ చూపాలి. అది బాగా తేడాగా ఉంటే సెన్సార్‌నో దాని వైరింగ్‌నో చూడాలి. అలాగే రాత్రంతా ఆగిన బండిలో తెల్లవారుజామున కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. అంతర్వేది వైపు ఉప్పుగాలికీ రొయ్యల చెరువుల తేమకూ కనెక్టర్ల పిన్నులకు చిలుము పడుతుంది. లైవ్ డేటా చూస్తూ కనెక్టర్‌ను మెల్లగా కదిపినప్పుడు అంకె గంతులు వేస్తే, సెన్సార్ కొనేముందు పిన్నులు శుభ్రం చేయించడం మంచిది. ఈ ఒక్క జాగ్రత్తతోనే చాలా ఖర్చు తప్పవచ్చని నా గట్టి నమ్మకం.

లోపాలు లేకపోలేదు. పెట్రోలు పీడనాన్ని ఇది కొలవలేదు, దానికి గేజి ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు సాధారణ యాప్‌లతో చాలా కార్లలో దొరకవు. చవక నకళ్ళలో అంకెలు ఆలస్యంగా మారతాయి, కొన్ని కార్లతో అసలు కలవవు. కాబట్టి మీ కారు మోడల్‌కు పనిచేస్తుందో లేదో తేల్చుకుని, వెనక్కి తీసుకునే షరతుతోనే కొనండి. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోటో తీసి పెట్టుకోండి. లోపం తలెత్తిన క్షణంలోని వేగం, ఉష్ణోగ్రత, ఇంజిన్‌పై భారం అందులో నమోదై ఉంటాయి, కోడ్‌తోపాటే చెరిగిపోతాయి. బండి చాలా రోజులు కదలనప్పుడు స్కానర్‌ను సాకెట్ నుంచి తీసేయాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు.