కుక్కను వెంట తీసుకెళ్లడమా, వెనక రప్పించుకోవడమా: ఏది మేలు?

సంక్రాంతి వెళ్లాక మా పులస జర్మనీ చేరింది. అప్పట్నుంచి పాలకొల్లులో నాకు కొత్త ఉద్యోగం వచ్చినట్టయింది. ఎవరింట్లో పిల్లలకి వీసా వచ్చినా, ఆ ఇంట్లో కుక్క ఉంటే చాలు, నాకు ఫోను. "పిన్నిగారూ, వెంట తీసుకెళ్లిపొమ్మంటారా, వాళ్లు కుదురుకున్నాక పంపమంటారా?" ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పేకన్నా ఒకసారి రాసేస్తే నయమనిపించింది.

పులస అంటే చేప కాదండోయ్. నాలుగేళ్ల కిందట గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన రోజుల్లో రొయ్యల చెరువు గట్టు మీద తడిసి ముద్దై దొరికిన నాటు కుక్కపిల్ల. ఆ పేరు మా అమ్మాయి పెట్టింది. ఇప్పుడు 16 కిలోలు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు. పులసకి విమానం టిక్కెట్టు కొనాలంటే ఏమమ్మాలో మాత్రం చెప్పలేదని మావారి గొణుగుడు.

అడిగేవాళ్లందరి టెన్షనూ విమానం గురించే. సామాన్ల గదిలో పడేస్తారట కదా, ఊపిరాడుతుందా, భయపడి చచ్చిపోతుందా అని. ఆ భయం తప్పని అనను. కానీ విమానంలో ఉండేది పది గంటలు. దానికి ముందు నాలుగైదు నెలలుంటాయి. ఆ నెలలు కుక్క ఎక్కడ, ఎవరి దగ్గర గడుపుతుందన్నదే నా దృష్టిలో అసలు సంగతి. వెంటా, వెనకా అన్నది దాన్నిబట్టి తేలిపోతుంది.

నెలలు ఎందుకంటే, రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న దేశాల జాబితాలో మన దేశం లేదు. అందుకని ఇక్కడి కుక్కకి ముందు చర్మం కింద 15 అంకెల నంబరున్న మైక్రోచిప్ వెయ్యాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, వాళ్లు గుర్తించిన ల్యాబుకి పంపాలి. అందులో టీకా పనిచేసిందని చూపే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 యూనిట్లు, అంతకన్నా ఎక్కువ రావాలి. వచ్చినా వెంటనే బయల్దేరడానికి లేదు. రక్తం తీసిన రోజునుంచి 3 నెలలు ఆగాలి. అంటే చిప్పు వేసిన రోజునుంచి నాలుగు నెలల పైమాటే. ఎంత డబ్బు పెట్టినా, ఎవరితో చెప్పించినా ఈ గడువు ఒక్క రోజు తగ్గదు.

మేం పప్పులో కాలేసింది ఇక్కడే. పులసకి ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినమని పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే రేబిస్ టీకా వేయిస్తూనే ఉన్నాం. ఆ యేడూ వేయించి, కార్డు భద్రంగా దాచి, సగం పని అయిపోయిందనుకున్నాం. తీరా చూస్తే చిప్పు లేకుండా వేసిన టీకాలేవీ లెక్కలోకి రావట. టీకా పడింది ఈ కుక్కకే అనడానికి రుజువు ఆ చిప్పు నంబరే. జులై మధ్యలో చిప్పు వేయించి, అప్పుడే మళ్లీ టీకా వేయించి, లెక్క మొదట్నుంచీ మొదలుపెట్టాం. ఆగస్టు 20కి రక్తం తీశారు. అమ్మాయి సెప్టెంబరు 1న జర్మనీలో ఉద్యోగంలో చేరాలి. ఇక వెంట తీసుకెళ్లే మాటే లేదు.

సరే, రెండు దారులూ విడివిడిగా చూద్దాం.

వెంట తీసుకెళ్తే ఖర్చు తక్కువ. మనిషి టిక్కెట్టుతో పాటే కుక్కకి రుసుము కడితే చాలు, ఇంకోసారి రానుపోను ఛార్జీలు ఉండవు. కుక్కకి ఎడబాటు ఉండదు. చిన్న కుక్కయితే మనిషి కాళ్ల దగ్గరే సంచిలో కూర్చునే వీలూ ఉంది. చాలా కంపెనీలు సంచితో కలిపి 7, 8 కిలోల లోపైతేనే ఒప్పుకుంటాయి కాబట్టి పులసలాంటి వాటికి ఆ ఆశ లేదు. కానీ వెంట వెళ్లిన కుక్క దిగేది ఎక్కడికి? కొత్తగా వెళ్లిన పిల్లలు మొదటి రెండు మూడు నెలలు ఏదో తాత్కాలిక గదిలో ఉంటారు. కుక్క ఉందంటే అద్దెకిచ్చేవాళ్లు ముందూ వెనకా చూస్తారు. అబ్బాయో అమ్మాయో పొద్దున్నే ఆఫీసుకి పోతే, పుట్టి బుద్ధెరిగాక తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండని మన గోదావరి కుక్క ఆ నాలుగ్గోడల మధ్య ఏం చేస్తుంది? అరుస్తుంది. పక్కవాళ్లు ఫిర్యాదు చేస్తారు. కొత్త దేశం, కొత్త ఉద్యోగం, పైన ఇదొకటి.

వెనక రప్పించుకుంటే ఆ నెలలు కుక్క తన వీధిలో, తన అరుగు మీద, తనకి తెలిసిన మనుషుల మధ్య గడుపుతుంది. అమ్మాయి వెళ్లిన రెండు రోజులు పులస అన్నం ముట్టలేదు. మూడో రోజు మావారు చేప తలకాయ కలిపి పెడితే తినేసింది. ఆ తర్వాత మామూలే, కాలవ గట్టున తిరగడం, పాలబ్బాయిని చూసి మొరగడం. ఇంతలో అక్కడ అమ్మాయి కుక్కని ఒప్పుకునే ఇల్లు వెతుక్కుంది, దగ్గర్లో పార్కు చూసుకుంది, డాక్టర్ని మాట్లాడుకుంది. నేను దీనివైపే మొగ్గుతానని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. యజమాని ప్రయాణానికి 5 రోజులు అటూ ఇటూగా కుక్క ప్రయాణం ఉంటేనే యూరప్ దాన్ని పెంపుడు జంతువు ప్రయాణంగా చూస్తుంది. అది దాటితే వ్యాపారానికి తెచ్చే జంతువుల నిబంధనలు పడతాయి, కాగితాలు మారిపోతాయి. "నాన్నగారు వేసవిలో వచ్చేటప్పుడు తెచ్చేస్తారు" అనుకుంటే కుదరదు. కుక్క ఎవరిదో వాళ్ల ప్రయాణమూ ఆ 5 రోజుల్లోపే ఉండాలి. అందుకే మా అమ్మాయి పండక్కి సెలవు పెట్టి వచ్చి, కనుమ వెళ్లాక తనే తీసుకెళ్లింది. ఒక టిక్కెట్టు అదనం. ఎలాగూ పండక్కి వస్తుంది కదా అని మేం దాన్ని కుక్క ఖాతాలో రాయలేదు, మావారు మాత్రం రాశారు.

కాలం కూడా కలిసొచ్చింది. ఎండలు ముదిరితే చాలా విమానాలు కుక్కల్ని ఎక్కించుకోవు. రోహిణి కార్తెలో రన్‌వే మీద బోను ఎలా కాలుతుందో ఊహించుకోండి. జనవరిలో హైదరాబాద్‌లో ఆ బెంగ లేదు.

కుక్కల్ని విదేశాలకి పంపిపెట్టే ఏజెంటుకి అప్పజెప్పడం మూడో దారి. డబ్బు బాగా ఉండి, తీరిక లేనివాళ్లకి సరే. కానీ వాళ్లు కూడా ఆ 3 నెలల్ని తగ్గించలేరు, ఆ మాట గుర్తుంచుకోండి. రక్తం తీశాక కుక్కని హైదరాబాద్‌లో తమ కెనెల్‌లో, అంటే కుక్కల వసతిలో ఉంచుతామంటారు కొందరు. ఇల్లుండగా కెనెల్ ఎందుకు? చివరి వారం కాగితాల పని ఒక్కటే వాళ్లకి ఇస్తే నేను తప్పుపట్టను.

దేశాన్నిబట్టి కూడా లెక్క మారుతుంది. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. మనలాంటి రేబిస్ ముప్పున్న దేశంలో టీకా వేసిన కుక్కకి కనీసం 6 నెలల వయసుండాలి, చిప్పుండాలి, వాళ్ల ఫారాలు ఉండాలి. రక్తపరీక్ష ఫలితం లేకపోతే అక్కడ 28 రోజులు క్వారంటైన్. ఫలితం ఉన్నా సరే, వాళ్లు గుర్తించిన జంతు కేంద్రం ఉన్న కొద్ది విమానాశ్రయాల్లోనే దిగాలి, అక్కడ ముందే చోటు బుక్ చేసుకోవాలి. డాలస్‌లో మనవాళ్లున్నారు కదా అని డాలస్‌కి టిక్కెట్టు కొనేస్తే చిక్కే, ఆ జాబితా చూసుకునే కొనండి. లండన్ వెళ్లేవాళ్లకి వెంటా వెనకా అన్న ప్రశ్నే సగం ఉండదు, విమానంలో వచ్చే కుక్క మనిషి టిక్కెట్టుతో కాక, విడిగా సరుకులా కార్గోగానే రావాలి. పైగా దిగేముందు 24 నుంచి 120 గంటల లోపు బద్దెపురుగు మందు డాక్టరు చేత వేయించి రాయించాలి. దుబాయ్‌కీ కార్గోయే. ఆస్ట్రేలియా మన దేశం నుంచి కుక్కని నేరుగా రానివ్వదు, మధ్యలో వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంలో నెలల తరబడి ఉంచాలి. అంత తిప్పడం కన్నా అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్లడమే దయ. పిల్లులకి అమెరికాలో ఈ రేబిస్ గొడవ లేదు, యూరప్‌లో మాత్రం కుక్కలాగే.

పగ్గు జాతి కుక్కలున్నవాళ్లకి ఒక్క మాట. ఆ ఫోను ప్రకటన వచ్చినప్పట్నుంచి మన జిల్లాల్లో ఇంటికో పగ్గు. ఆ చప్పిడి ముక్కుతో అవి తేలిగ్గా ఊపిరి తీసుకోలేవు కాబట్టి చాలా విమానాలు వాటిని కింద గదిలో ఎక్కించుకోవు. బొద్దుగా పెంచారంటే పైన సంచిలోనూ పట్టవు. తేదీ అనుకునేముందే విమాన కంపెనీతో మాట్లాడుకోండి.

వెంట అయినా వెనక అయినా తప్పనిది బోను. మన కుక్కలకి గొలుసే సరిగ్గా అలవాటుండదు, ఇక బోనెక్కడ. కొలతలు ఇలా తీయాలి: ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు, దానికి ముందుకాలు మోచేతి వరకు ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు బోను వెడల్పు. నిలబడితే చెవి కొస దాకా ఎంత ఎత్తో, దానికి పరుపు మందం కలిపితే బోను ఎత్తు. దగ్గర్లో దొరికిందని చిన్నది కొంటే విమానాశ్రయంలో ఆపేస్తారు. మేం దసరాకే తెప్పించి, తలుపు ఊడదీసి వరండాలో పెట్టాం. వారం రోజులు పులస దాని చుట్టూ తిరిగి మొరిగింది. తర్వాత అన్నం గిన్నె అందులో పెట్టడం మొదలుపెట్టాం. దీపావళి టపాసులకి భయపడి దానంతట అదే అందులో దూరింది, ఆ రాత్రి నుంచి పడక అందులోనే. ఇదంతా ఇంట్లో నెలలు చేతిలో ఉండబట్టే కుదిరింది. మత్తు మందు మాత్రం ఎవరు చెప్పినా వెయ్యొద్దు. మత్తులో ఉన్న కుక్కని విమానాలు ఎక్కించుకోవు, గాల్లో దాని ఊపిరికీ ప్రమాదం. నీళ్ల గిన్నెని ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టించి తగిలిస్తే బోను మోసేటప్పుడు ఒలకవు, కరిగే కొద్దీ తాగుతుంది.

ఆఖరి ఆరోగ్య పత్రం ప్రయాణానికి 10 రోజుల లోపుదై ఉండాలి. అది ఇచ్చే కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రాలు దేశంలో ఆరే, మనకి దగ్గర హైదరాబాద్, చెన్నై. హైదరాబాద్‌కి రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో ఉండే కుక్కల గదిలో వెయ్యాలి. రెండోది నాకు ఇష్టం లేదు. కారులో రాత్రికి రాత్రి వెళ్లి, మియాపూర్‌లో మా మరిది ఇంట్లో నాలుగు రోజులున్నాం. పులస విమానానికి భయపడలేదు గానీ, ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టుకి భయపడింది. చిప్పు నంబరు ప్రతి కాగితం మీదా ఒక్కొక్క అంకే వేలు పెట్టి సరిచూడండి. చేతిరాతలో 1, 7 ఒకటే అయిపోతే అక్కడ కుక్క మీది కాకుండా పోతుంది.

జర్మనీలో కుక్కకి ఏటా పన్ను కట్టాలి. రైలెక్కిస్తే సగం టిక్కెట్టు, మూతికి బుట్ట. ఇవన్నీ వింటే మావారి మొహం చూడాలి.

వెంట తీసుకెళ్లడమే కావాలనుకునేవాళ్లు కూడా ఉంటారు, కాదనను. అలాంటప్పుడు వీసా వచ్చేదాకా ఆగొద్దు, చిప్పు పని ముందే మొదలుపెట్టండి. ఒకసారి రక్తపరీక్ష నెగ్గాక, రేబిస్ టీకా గడువు ఎప్పుడూ దాటకుండా వేయిస్తూ ఉంటే యూరప్‌కి ఆ పరీక్ష మళ్లీ అక్కర్లేదు. ప్రయాణం తప్పిపోయినా పరీక్ష డబ్బు వృథా కాదు. ఈ మాట మా పక్కింటి వాళ్లకి చెప్పాను. వాళ్ల పగ్గుకి వచ్చే సోమవారం చిప్పు వేయిస్తున్నారు. అబ్బాయి ఇంకా జర్మన్ నేర్చుకుంటున్నాడు.