బుజిబ్బాలో మూడు రాత్రులు, తా-ఆలిలో ఒక్క రాత్రి

మధ్యధరా సముద్రంలోని దీవి దేశం మాల్టాలో, బుజిబ్బా అనే ఊళ్ళో మేం దిగిన ఫ్లాట్‌లో మంచం పక్కన గోడకి ఒక ఇనప డబ్బా బిగించి ఉంది. దాని మీద నాణెం పట్టేంత సందు. ఒక యూరో వేస్తే ఏసీ రెండు గంటలు నడుస్తుంది, తర్వాత టక్కుమని ఆగిపోతుంది. జూలై నెల, చుట్టూ సముద్రం, పగలంతా ఎండ పీల్చుకున్న రాతి గోడలు. రాత్రి రెండింటికి ఏసీ ఆగితే మావాడు లేచి కూర్చుని "అమ్మా, కాయిన్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదటి రాత్రి నా పర్సులో ఉన్నవి మూడు నాణేలే. నాలుగో దాని కోసం మా ఆయన షర్టు వేసుకుని వీధిలోకి వెళ్ళి, మూసేయబోతున్న కొట్టువాణ్ణి బతిమాలి నోటు మార్చుకొచ్చారు. వచ్చి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ ఏసీ సంగతి మేం బుక్ చేసుకున్న పేజీలో ఎక్కడా లేదు. "ఎయిర్ కండిషన్డ్" అని మాత్రం పెద్దక్షరాలతో రాశారు. రాత్రికి 62 యూరోలు, తొమ్మిది రాత్రులకి 558 యూరోలు గుంటూరు నుంచే కట్టేశాం. అంటే అటూ ఇటుగా యాభై వేలు.

అక్కడితో ఆగలేదు. తాళాలిచ్చిన మనిషి మెట్ల మీదే నిలబెట్టి ఎకో ట్యాక్స్ అని 54 యూరోలు అడిగాడు. మనిషికి రాత్రికి రెండు యూరోలట, ముగ్గురికీ తొమ్మిది రాత్రులకీ లెక్క. రసీదు అడిగితే తర్వాత ఇస్తానన్నాడు. నేను నాలుగేళ్ళుగా మాల్టాలోనే నర్సుగా పనిచేస్తున్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, ఒక్క సెంటు కూడా ఇవ్వకు, వస్తున్నా" అన్నాడు. మాల్టాలో పర్యాటకుల మీద ఆ పన్ను ఉన్న మాట నిజమే. కానీ 2023లో అది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే, రాత్రికి అర యూరో, ఎన్నాళ్ళున్నా ఒక మనిషికి 5 యూరోలు దాటేది కాదు. మా ఇద్దరికీ కలిపి 9 యూరోలు. మావాడికి పదమూడేళ్ళు, వాడికి అసలు లేదు. తమ్ముడు వచ్చి ఫోన్లో ఆ నిబంధన తెరిచి చూపించాక ఆ మనిషి ఏమీ ఎరగనట్టు 9 తీసుకుని వెళ్ళిపోయాడు. రసీదు మాత్రం ఇప్పటికీ రాలేదు.

మాల్టా వెళ్ళేవాళ్ళు ఆ పన్ను ఇప్పుడెంతో ముందే కనుక్కోండి. గది చూసుకునేటప్పుడు ఏసీకి విడిగా డబ్బు కట్టాలా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

అసలు మేం మాల్టా ఎంచుకున్నదే ఫుట్‌బాల్ కోసం. 2023 జూలై 3 నుంచి 16 వరకూ అండర్-19 యూరో, అంటే యూరప్ కుర్రాళ్ళ జట్ల ఫుట్‌బాల్ కప్పు, అక్కడ జరిగింది. ఎనిమిది జట్లు: మాల్టా, ఇటలీ, పోర్చుగల్, పోలండ్, స్పెయిన్, గ్రీస్, నార్వే, ఐస్‌లాండ్. "బావ పక్క దీవి గోజో చూస్తారు, నువ్వు చర్చిలు చూడు, వీడు మ్యాచ్ చూస్తాడు" అని తమ్ముడే ఒప్పించాడు. మా ఆయన మనసు స్విట్జర్లాండ్ మీద ఉంది. పిల్లల ఆట కోసం అంత ఖర్చా అని హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ దాకా అంటూనే ఉన్నారు. షెంగెన్ వీసా అప్పట్లో ఒక్కొక్కరికి 80 యూరోలు, పన్నెండు దాటింది కాబట్టి మావాడికీ పూర్తి రేటే. విమానం దుబాయ్ మీదుగా, మధ్యలో సైప్రస్ దేశపు లార్నకాలో ఆగి, ఒక్కొక్కరికి 71 వేలు.

రెండో తారీఖున రాజధాని వలెట్టా చూశాం, బాగుంది.

మూడో తారీఖు రాత్రి మాల్టా, ఇటలీల మ్యాచ్. స్టేడియం ఉన్న ఊరి పేరు బోర్డుల మీద చదివితే తా ఖాలీ అనిపిస్తుంది. నేను బస్సు డ్రైవర్‌ని "తా ఖాలీ?" అని మూడుసార్లు అడిగినా ఆయనకి అర్థం కాలేదు. వెనక నిలబడ్డ ఒక ముసలాయన "తా-ఆలి" అని సాయం చేశాడు. ఆ అక్షరాన్ని వాళ్ళు గొంతులోనే ఆపేస్తారు, పెదాల దాకా రానివ్వరు. టిక్కెట్టు డ్రైవర్ దగ్గరే, వేసవి రేటు 2.50 యూరోలు, రెండు గంటలు చెల్లుతుంది, ఈలోపు బస్సు మారినా మళ్ళీ కొననక్కర్లేదు. వలెట్టా నుంచి మాల్టాలోనే ఉన్న రబాత్ అనే ఊరి వైపు వెళ్ళే 51, 52, 53 నంబర్లు ఎక్కితే చాలు.

తా-ఆలి ఒకప్పుడు విమానాల మైదానం. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ దీవి మీద బాంబులు కురుస్తుంటే బ్రిటిష్ ఫైటర్ విమానాలు ఇక్కడి నుంచే లేచేవి. దానికి పక్కనున్న మోస్తా చర్చి గోపురాన్ని 1942 ఏప్రిల్ 9న ఒక బాంబు చీల్చుకుని లోపల పడింది, పేలలేదు. ఇప్పుడు ఆ పాత విమానాల మైదానంలో దేశం మొత్తానికి ఒకే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం. పదిహేడు వేల మంది పడతారు. దేశ జనాభా ఐదు లక్షల చిల్లర, విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. మన గుంటూరు నగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. అంత చిన్న దేశంలోంచి 2004 జనవరి 1 తర్వాత పుట్టిన పిల్లల్ని ఏరి ఇటలీ మీదికి పంపాలి. ఆతిథ్య దేశం కాబట్టి మాల్టాకి నేరుగా చోటు దొరికింది, మిగతా ఏడు జట్లూ క్వాలిఫయర్లు గెలిచి వచ్చినవి.

టిక్కెట్లు తమ్ముడు ముందే తీసిపెట్టాడు, డబ్బు ఇస్తే పుచ్చుకోలేదు.

మా పక్క సీట్లో అరవై దాటిన ఒకాయన కూర్చున్నారు. మెడలో నీలం రంగు ఇటలీ స్కార్ఫ్, మోకాళ్ళ మీద మాల్టా జెండా. మావాడు ఉండబట్టలేక మీరు ఎవరి వైపని అడిగేశాడు. ఆయన వాడికి చాలా ఓపిగ్గా చెప్పారు. మాల్టా 1964 దాకా బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉంది, అందుకని సగం ఇళ్ళు ఇంగ్లండ్‌ని అభిమానిస్తాయి. సిసిలీ తొంభై కిలోమీటర్ల దూరమే, టీవీలొచ్చిన కొత్తలో మేడల మీది యాంటెన్నాలకి ఇటలీ చానళ్ళు అందేవి, మిగతా సగం అవి చూస్తూ పెరిగింది. ప్రపంచ కప్ వస్తే ఒకే వీధిలో రెండు రకాల జెండాలు కడతారు. "మా దేశం ప్రపంచ కప్‌కి ఎన్నడూ వెళ్ళలేదు బాబూ, మరి మేం ఎవరికోసం అరవాలి?" అన్నారు. ఆ రాత్రి మాత్రం వాళ్ళ సొంత పిల్లలే మైదానంలో ఉన్నారు, ఎదురుగా ఆయన చిన్నప్పటి నుంచీ కొలిచిన నీలం చొక్కా.

మొదటి గోల్ ఇటలీ కొట్టాక ఆయన స్కార్ఫ్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. రెండో దానికి నాలుగు మడతలు వేశారు. తర్వాత చూస్తే అది సంచిలోకి వెళ్ళిపోయింది, జెండా భుజాల మీదికి వచ్చింది. చివరికి 4-0. ఇటలీ పిల్లలు బంతిని ఎంత తేలిగ్గా తిప్పారో మావాడికి బాగా తెలుస్తోంది, వాడు గుంటూరులో పొద్దున్నే ఐదింటికి లేచి ప్రాక్టీస్‌కి పోతాడు. కానీ జనం పాట ఆపలేదు. మాల్టా కుర్రాడు ఎవరైనా బంతి లాక్కుంటే చాలు, గోల్ పడ్డట్టే లేచి నిలబడ్డారు. "ఎయ్యా! ఎయ్యా!" అని అరుపులు. మాల్టీస్‌లో ఆ మాటకి "పద, రా" అని అర్థమట, నాకు మాత్రం మా ఊరి తిరనాళ్ళలో "అయ్యా" అని కేకేసినట్టే వినిపించింది. ముందు వరసలో ఒకావిడ ప్రతి ఆటగాణ్ణీ ఇంటి పేరుతో కాక ముద్దుపేరుతో పిలుస్తోంది. ఆ జట్టులో ఒకడు వాళ్ళ వీధి కుర్రాడని, చిన్నప్పుడు తన కిటికీ అద్దం పగలగొట్టాడని మాకు చెప్పింది. ఐదు లక్షల మంది ఉన్న దేశంలో జాతీయ జట్టంటే అంత దగ్గర.

నాకు 2017 గుర్తొచ్చింది. అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగినప్పుడు మనకీ ఇలాగే ఆతిథ్యం వల్లే చోటు దొరికింది. అక్టోబర్ 9న ఢిల్లీలో కొలంబియా మీద జీక్సన్ సింగ్ కార్నర్ నుంచి తలతో గోల్ కొట్టాడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఏ వయసు జట్టుకైనా భారత్‌కి అదే మొదటి గోల్. వెంటనే వాళ్ళు ఇంకోటి కొట్టి 2-1తో గెలిచారు. ఆ రాత్రి ఏడేళ్ళ మావాడు టీవీ ముందు గెంతి సోఫా మీంచి కింద పడ్డాడు. మూడు మ్యాచ్‌లూ ఓడిపోయిన ఆ జట్టుని తిట్టడానికి నాకెప్పుడూ నోరు రాలేదు. తా-ఆలిలో కూడా ఎవరూ తిట్టలేదు. 1983లో స్పెయిన్‌కి పదకొండు గోల్స్ తేడాతో గెలవాల్సి వస్తే సెవిల్లో తమ మీద 12-1తో గెలిచిందని, అప్పుడు తానింకా కుర్రాణ్ణని ఆ పెద్దాయన చెప్పారు. "నాలుగంటే నాలుగే" అని మావాడి వీపు తట్టారు. ఆట అయ్యాక ఎర్ర చొక్కాల పిల్లలు స్టాండ్ల దగ్గరికి వచ్చి చేతులెత్తి చప్పట్లు కొట్టారు. మా ఆయన, అప్పటిదాకా నాతో ముభావంగా ఉన్న మనిషి, అందరికంటే ముందు లేచి నిలబడ్డారు.

బయటికొస్తే కొండ మీద ఇమ్దీనా కోట దీపాలు. బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, యాప్‌లో టాక్సీకి 17 యూరోలు అయింది. గదికొస్తే మళ్ళీ అదే ఇనప డబ్బా. ఆ రాత్రే నిర్ణయించుకున్నాం, పోతే పోయింది డబ్బు, ఇక్కడ ఉండొద్దని.

మిగిలిన ఆరు రాత్రుల 372 యూరోలు తిరిగివ్వమంటే తాళాల మనిషి ఫోనే తీయలేదు. డబ్బా ఫొటో, నాణేల సందు ఫొటో, ఎకో ట్యాక్స్ అడిగిన మెసేజ్ అన్నీ జతచేసి బుక్ చేసిన సైటుకి ఫిర్యాదు పెట్టాను. ఇరవై మూడు రోజులకి సగం, అంటే 186 యూరోలు వచ్చాయి. మిగతా సగం నా కష్టార్జితం, దాని గురించి ఇంకా రాస్తూనే ఉన్నాను.

నాలుగో తారీఖు నుంచి రబాత్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో గది. రాత్రికి 55 యూరోలు, పొద్దున టిఫిన్‌తో కలిపి. రెండడుగుల మందం రాతి గోడలు, మధ్యలో నిమ్మచెట్టున్న చిన్న వాకిలి, ఏసీ అవసరమే పడలేదు. పన్ను ఎంతో ఆవిడే చెప్పి రసీదు రాసిచ్చింది. మేం మాంసం తినమంటే మొదటి సాయంత్రం కపునాతా చేసి పెట్టింది. వంకాయ, టమాటా, క్యాప్సికం కలిపి మగ్గించి, ఊరబెట్టిన కేపర్ మొగ్గలు వేస్తారు. అచ్చం మన వంకాయ టమాటా కూర, కాకపోతే కారం బదులు పులుపు. నేను ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ ఒక చెంచా పక్కన వేశాను. ఆవిడ రొట్టెకి అద్దుకుని తిని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఇంకో ముక్క అడిగింది. తిరిగొచ్చేటప్పుడు సీసా అక్కడే వదిలేసి వచ్చాను.

శాకాహారులకి రబాత్‌లో ఇంకో దారి పస్తిత్సీ. పొరలు పొరలుగా ఉండే పఫ్‌లో జున్నులాంటి రికోటా గానీ మెత్తగా ఉడికిన బఠాణీ గానీ పెడతారు. బఠాణీది కొంచెం మసాలా వాసనతో మన సమోసాకి చుట్టంలా ఉంటుంది. ఒకటి 60 సెంట్లు. రెండు తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది. గోజో పడవకి రానుపోను 4.65 యూరోలు, డబ్బు తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు, మా ఆయనకి అక్కడ మనసు తేలికపడింది. కొమీనో అనే బుల్లి దీవిలో బ్లూ లగూన్‌కి మాత్రం జూలైలో వెళ్ళకండి, మేం ఉన్నప్పుడు నీళ్ళకంటే మనుషులే ఎక్కువ.

మాల్టా మిగిలిన రెండు మ్యాచ్‌లు, పోలండ్‌తో ఒకటి, పోర్చుగల్‌తో ఒకటి, పెద్దావిడ ముందుగదిలో ఆవిడతో కూర్చునే చూశాం. రెండూ ఓడిపోయారు. ఆవిడ మనవడు క్లబ్బు నర్సరీలో ఆడతాడట, అక్కడ పిల్లల ఫుట్‌బాల్ శిక్షణని నర్సరీ అనే అంటారు. బంతి పోయినప్పుడల్లా ఆవిడ "మెలా" అనేది. ఆ మాటని వాళ్ళు మనం "మరి" వాడినట్టు ప్రతిదానికీ వాడతారు. పోర్చుగల్ మ్యాచ్ అయ్యేసరికి మావాడు కూడా "మెలా" అనడం మొదలుపెట్టాడు. మేం వచ్చేశాక 16న ఫైనల్లో పోర్చుగల్ మీద ఇటలీ 1-0తో గెలిచింది, 2003 తర్వాత మళ్ళీ వాళ్ళకి ఈ కప్పు. మా తమ్ముడు స్టేడియంలోంచే ఫొటో పంపాడు. మావాడు దాన్ని పెద్దది చేసి, మా పక్కన కూర్చున్న పెద్దాయన ఎక్కడైనా కనిపిస్తారేమోనని వరస వరసా వెతికాడు.

మీరు వెళ్ళే వారంలో తా-ఆలిలో ఏ వయసు పిల్లల మ్యాచ్ ఉన్నా ఒక సాయంత్రం దానికి కేటాయించండి, బస రబాత్ వైపు చూసుకోండి. గేటు దగ్గర నీళ్ళ సీసా మూతలు తీయించేస్తారు, ఒక మూత విడిగా జేబులో వేసుకెళ్తే నీళ్ళు ఒలకవు.