ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోవడానికి స్టోరీవీవర్: ఒక సమీక్ష

స్టోరీవీవర్ అనేది బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ 2015లో ప్రారంభించిన డిజిటల్ గ్రంథాలయం. ఇందులోని పిల్లల కథల పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. రెండో తరగతి చదువుతున్న మా మనవరాలితో కలిసి రాత్రి భోజనాలయ్యాక ఈ కథలు చదువుతున్నాను కాబట్టి, నా అభిప్రాయమంతా ఇంట్లో వాడకాన్ని బట్టి ఏర్పడినదే.

నాకు అన్నిటికన్నా నచ్చినది పుస్తకాలను నాలుగు స్థాయులుగా విడదీసిన పద్ధతి. చదవాలని ఉత్సాహపడే పిల్లలకు మొదటిది, తెలిసిన పదాలను గుర్తుపట్టి కొత్తవాటిని ఒకరి సాయంతో చదివేవారికి రెండవది, సొంతంగా చదవడానికి సిద్ధమైనవారికి మూడవది, ధారాళంగా చదవగలిగేవారికి నాలుగవది. మొదటి స్థాయి కథ 250 పదాల లోపు ఉంటుంది. రెండవది 600 వరకు, మూడవది 1500 వరకు సాగుతుంది. తరగతిని బట్టి కాక చదవగలిగే శక్తిని బట్టి విభజించినందువల్ల, నాలుగో తరగతికి వచ్చినా ఇంకా కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడు చిన్నబుచ్చుకోకుండా మొదటి స్థాయి నుంచే మొదలుపెట్టవచ్చు.

అయితే ఈ విభజన ప్రధానంగా పదాల సంఖ్యను, వాక్యాల తీరును చూసి చేసినది. తెలుగు చదవడం నేర్చుకునే పిల్లలకు మరో కష్టమైన మెట్టు ఉంది: గుణింతాలు దాటాక వచ్చే ఒత్తులు. ఎంత చిన్న పుస్తకంలోనైనా ‘నక్షత్రం’, ‘ఆశ్చర్యం’ వంటి మాటలు రెండు ఎదురైతే ఒకటో తరగతి పిల్లలు అక్కడే ఆగిపోతారు. అందువల్ల పెద్దలు ముందుగా ఒకసారి పుస్తకం తిరగేసి, అటువంటి మాటలను తామే చదివి వినిపించి, తక్కినవి పిల్లలకు వదిలిపెట్టడం మంచిది. అనువాదాల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. ఎవరైనా అనువదించి చేర్చగల వేదిక కనుక తెలుగు కథలన్నీ ఒకే తీరుగా ఉంటాయని ఆశించకూడదు. రెండు పేజీలు పైకి చదివి చూసి, నోటికి సాఫీగా పలికేవాటిని ఎంచుకోవాలి.

బొమ్మల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేజీలో ఉన్నది ఒకే వాక్యమైనా, ఆ వాక్యం చెప్పని సంగతులు బొమ్మలో ఎన్నో ఉంటాయి. ఒక కథలో పిల్లి ప్రస్తావన ఒక్క మాటైనా లేదు. కానీ ప్రతి పేజీలోనూ అది ఏదో ఒక మూల నక్కి ఉన్న సంగతిని మా మనవరాలు కనిపెట్టి, “తాతయ్యా, నువ్వు చదువుతూ దీన్ని చూడనే లేదు” అని వేలు పెట్టి చూపింది. తిరిగి మొదటి పేజీకి వెళ్లి, పిల్లిని వెతుక్కుంటూ, నేను చదివిన వాక్యాలనే ఈసారి తనే చదివింది. రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లను విడివిడిగా వేయడం కూడా మంచి పని; బొమ్మలు వేసేవాళ్లు వేరే ఉంటారని ఆ పిల్లకు అక్కడే తెలిసింది. అక్షరాలు రాని తల్లిదండ్రులు కూడా ఇందులో పాలుపంచుకోవచ్చు. మాటలే లేకుండా బొమ్మలతోనే సాగే పుస్తకాలున్నాయి, వాటిని ముందుపెట్టుకుని “తర్వాత ఏం జరుగుతుందంటావు?” అని అడగడానికి చదువు రానక్కరలేదు.

300కు పైగా భాషల్లో పుస్తకాలున్న ఈ వేదికలో చాలా కథలు ఒకటికి మించిన భాషల్లో దొరుకుతాయి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని ప్రవాసుల పిల్లలకు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు, ముందు ఇంగ్లీషులో చదివిన కథనే తెలుగులో చూపిస్తే భయం సగం తగ్గుతుంది.

ఫోను తెర మీద చదవడం మాత్రం నాకు నచ్చదు. ముగ్గురు చేరితే అక్షరాలు ఎవరికీ సరిగా ఆనవు, పైగా మధ్యలో ఏదో ఒక సందేశం వచ్చి పిల్లల చూపు మళ్లిస్తుంది. అందుకని వీలైనవాటిని పీడీఎఫ్‌గా దించుకుని కాగితం మీద తీయిస్తున్నాను. ఇక్కడి కథల్లో అధిక భాగం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైనవే కనుక, రచయిత, చిత్రకారుల పేర్లు తప్పక ఉంచి ఎవరైనా ముద్రించి పంచుకోవచ్చు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు ఈ వెసులుబాటును వాడుకుని, వారానికొక కథను పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపాలని, ఇంట్లో ఎవరితో కలిసి చదివారో సోమవారం అడగాలని నా విన్నపం. రంగుల్లో తీయించడం ఖర్చనుకుంటే నలుపు తెలుపుల్లో తీయించినా చాలు; రంగులు పిల్లలే వేసుకుంటారు.