పేజీకో పని, గిన్నెకో పేజీ: పిల్లల వంటకు నాలుగు బొమ్మల పుస్తకాల బేరీజు

తిండి బొమ్మ ఉన్నంత మాత్రాన పుస్తకం వంటకు పనికిరాదు. కేకు బొమ్మ కనిపించింది కదా అని కేకు చేయిస్తే పిల్లలకు కేకే గుర్తుంటుంది, కథ జారిపోతుంది. పేజీలో జరిగే పని, పిల్లల చేతులు చేసే పని ఒకటే కావాలి, వరుస కూడా అదే కావాలి. జత కుదరడమంటే అదీ. రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకు పనికొచ్చే నాలుగు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలను ఈ ఒక్క కొలతతో చూద్దాం.

మొదటి పీట ఎరిక్ కార్ల్ 'పాన్‌కేక్స్, పాన్‌కేక్స్!' (1970)కే. జాక్‌కి పొద్దున్నే పెద్ద పాన్‌కేక్ కావాలి. అమ్మ పనిలో ఉంది, కావలసినవన్నీ వాడే తెచ్చుకోవాలి. గోధుమ కోసి, మరకు తీసుకెళ్లి పిండి పట్టించి, గుడ్డు, పాలు తెచ్చి, వెన్న చిలికి, కట్టెలు ఏరి, జామ్ సీసా పట్టుకొస్తేనే పెనం పొయ్యెక్కుతుంది. పేజీ తిప్పితే ఒక దినుసు చేరుతుంది. కాబట్టి బల్ల మీద అన్నీ ముందే పేర్చిపెట్టకండి. ఏ పేజీలో ఏది వస్తే అప్పుడు దాన్నే బయటికి తీయండి.

వెన్న పేజీ దగ్గర తొందరపడొద్దు, ఈ పుస్తకానికి అదే గుండెకాయ. అర లీటరు గాజు సీసాలో 200 మిల్లీలీటర్లు, 35 శాతం కొవ్వున్న క్రీమ్ పోసి మూత బిగించండి. సగానికి మించితే లోపల కదలడానికి చోటుండదు, నురగ దగ్గరే ఆగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఇరవై నిమిషాలు బయట ఉంచాలి. మరీ చల్లగా ఉంటే పిల్లల చేతులు పడిపోతాయి కానీ వెన్న రాదు, మరీ వెచ్చబడితే జిడ్డుగా కరిగిపోతుంది. ఇక ఊపడమే. ముందు గలగలమంటుంది. నాలుగైదు నిమిషాలకు చప్పుడు ఆగిపోతుంది. సీసా గోడలకు తెల్లగా అంటుకుపోయి, ఏమీ కదలనట్టు ఉంటుంది. చాలామంది ఇక్కడే చెడిపోయిందనుకుని వదిలేస్తారు. ఇంకో నాలుగైదు నిమిషాలు ఊపితే ఉన్నట్టుండి ధబ్ ధబ్‌మని ముద్ద గోడకు తగలడం మొదలవుతుంది, గాజు తేటపడుతుంది, అడుగున మజ్జిగ కనిపిస్తుంది. ఆ చప్పుడు మారే క్షణం కోసమే సీసాను పిల్లల చెవి దగ్గర పెట్టాలి. తర్వాత మజ్జిగ వంచేసి, ముద్దను చల్లటి నీళ్లలో రెండుసార్లు పిసికి కడగండి. లోపల మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా పులుస్తుంది.

పిండికి కప్పు మైదా (సుమారు 125 గ్రాములు), అదే కప్పుతో పాలు, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు చాలు. పిల్లలు చేసే తప్పు ఒక్కటే, పాలు మొత్తం ఒకేసారి గుమ్మరించేస్తారు. ఉండలు కట్టేది అందుకే. మూడో వంతు పాలతో ముందు చిక్కటి ముద్దలా కలిపించి, తర్వాత మిగతావి కొద్దికొద్దిగా పోయించండి. గుడ్డును గిన్నె అంచున కాకుండా చదునైన బల్ల మీద తట్టి, వేరే చిన్న గిన్నెలోకి పగలగొట్టించాలి. అప్పుడు పెంకు ముక్క పడినా ఏరేయవచ్చు. పావుగంట పిండిని నాననిస్తే అట్టు మెత్తగా వస్తుంది. ఈలోపు వేలు ముంచి నాకనివ్వొద్దు. పచ్చి గుడ్డే కాదు, పచ్చి పిండిలోనూ హానిచేసే క్రిములు ఉండవచ్చు. పెనం దగ్గర పని పెద్దవాళ్లదే. కథలో అట్టు గాల్లోకి ఎగురుతుంది. పిల్లలకూ ఆ సరదా కావాలంటే చల్లటి చిన్న పెనంలో మడిచిన చేతిరుమాలు వేసి ఇవ్వండి. ఒక లోపం చెప్పుకోవాలి. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే గంటన్నర పడుతుంది, ఐదేళ్లలోపు వాళ్లు అంతసేపు నిలవరు. వెన్న ముందు రోజే చేసేయండి.

రెండు మూడేళ్ల వాళ్లకు అదే రచయిత 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' (1969) ఇంకా బాగా కుదురుతుంది. గొంగళిపురుగు పండ్లకు బొక్కలు పెట్టుకుంటూ పోతుంది, పేజీలకూ నిజంగానే బొక్కలుంటాయి. వంటగదిలో పిల్లల పనీ బొక్క పెట్టడమే. స్ట్రాబెర్రీ కింది మొన నుంచి గట్టి స్ట్రాను పైకి గుచ్చితే తొడిమ ఊడి వచ్చేస్తుంది, పండులో పురుగు తొలిచినట్టే దారి పడుతుంది. బాగా పండిన పియర్ బిళ్లలకూ ఇదే పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆపిల్, పియర్, ప్లమ్, స్ట్రాబెర్రీ, ఆరెంజ్ ఒకటీ రెండూ మూడూ నాలుగూ ఐదూ, మొత్తం పదిహేను. పండ్లు కాదు, పదిహేను ముక్కలు చాలు. సోమవారం ఆపిల్ శుక్రవారం దాకా నల్లబడిపోతుంది కదా, దానికి మందు పుస్తకంలోనే ఉంది. ఆరెంజ్ రసం కొంచెం చల్లితే ఆ పులుపు నల్లబడడాన్ని ఆపుతుంది. పచ్చి ఆపిల్ ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, ఈ వయసువాళ్లకు కాగితంలా పలచగా కోయాలి లేదా తురమాలి. శనివారం నాటి పది తినుబండారాల జోలికి పోవద్దు. ఆదివారం ఆకుకు కడిగిన లెట్యూస్ ఆకు పెడితే సరిపోతుంది. కడుపునొప్పి పేజీ దగ్గర 'ఐస్‌క్రీమ్ తిన్నందుకే' అని చెప్పకండి. పురుగుకు నొప్పి వచ్చింది పదీ ఒకేరోజు తిన్నందుకు.

లోయిస్ ఎలర్ట్ 'గ్రోయింగ్ వెజిటబుల్ సూప్' (1987) చూడ్డానికి కళ్లు చెదిరేంత రంగులమయం. కూరగాయలకూ పనిముట్లకూ పక్కనే పేరు రాసి ఉంటుంది, వాటి మీద సొంత భాషలో చీటీలు అంటించుకోవచ్చు. అయితే విత్తనం నుంచి సూప్ దాకా నెలల కథ ఇది, వంటగదికి వచ్చేది చివరి పేజీలే. సగం చదివి తడిగుడ్డలో గింజలు మొలకెత్తించి, మిగతా సగం సూప్ రోజుకు దాచుకోవడం మేలు. ముందు బంగాళాదుంప, క్యారెట్, పది నిమిషాలకు బీన్స్, బఠాణీ, ఇంకో ఐదు నిమిషాలకు టమాటా. ఎర్రగా ఉందని పిల్లలు టమాటాను ముందే వేయబోతారు. దాని పులుపులో దుంప మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. పచ్చి క్యారెట్ నాలుగేళ్ల చేతికి తెగదు. నిలువునా చీల్చి మూడు నిమిషాలు ఆవిరి పట్టి, చదును వైపు కిందికి పెట్టించి నైలాన్ కత్తి ఇవ్వండి. ఇంకో చిక్కు, పుస్తకంలోని పచ్చదనం గిన్నెలో ఉండదు. వేడికీ పులుపుకీ ఆకుపచ్చ మసకబారిపోతుంది. గుప్పెడు బఠాణీ విడిగా ఒక్క నిమిషం ఉడికించి, వడ్డించేటప్పుడు పైన వేస్తే పిల్లల ముఖం వాడిపోదు.

కథగా నాలుగింటిలో గొప్పది ప్యాట్రీషియా పొలాకో 'థండర్ కేక్' (1990). ఉరుములకు భయపడే మనవరాలిని అమ్మమ్మ తుఫాను వచ్చిపడేలోగా దినుసులకోసం వాకిలంతా తిప్పుతుంది. చివర కేకు చేసే పద్ధతీ ఇచ్చారు. అందులో టమాటా గుజ్జు పడడం పిల్లలకు భలే వింత. కానీ వంటగా ఇది బరువైన పని. పచ్చసొన, తెల్లసొన వేరుచేసి, తెల్లసొనను గట్టి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. పచ్చసొన చుక్క కలిసినా ఆ కొవ్వుకు నురగ సరిగా నిలబడదు. ఆ పని పెద్దవాళ్లు చేసుకుని, టమాటా నలపడం, పిండి జల్లించడం, పైన స్ట్రాబెర్రీలు అమర్చడం పిల్లలకు వదలండి. చాక్లెట్ పూత పూసే ముందు కేకు పూర్తిగా చల్లారాలి, లేకపోతే పూత కరిగి స్ట్రాబెర్రీలు పక్కకు జారిపోతాయి. మెరుపు తర్వాత ఎన్ని లెక్కపెడితే ఉరుము అన్ని మైళ్ల దూరమని అమ్మమ్మ చెబుతుంది. ఆ లెక్క సరికాదు. శబ్దానికి మైలుకు సుమారు ఐదు సెకన్లు, కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. చదివేటప్పుడు ఆ ఒక్క వాక్యం సరిదిద్ది చెప్పండి.