ఏళ్లుగా దిగుతున్న ఫైవ్ స్టార్ హోటల్: నిద్ర, మనుషులు, బిల్లు

ఆఫీసు పని మీద వెళ్లినప్పుడల్లా నగరం నడిబొడ్డున ఉన్న ఒకే ఫైవ్ స్టార్ హోటల్‌లో చాలా ఏళ్లుగా దిగుతున్నాను. ఒక్క రాత్రి ఉండి తెల్లారే బయల్దేరిన సందర్భాలున్నాయి, వారాల తరబడి అక్కడే గడిపినవీ ఉన్నాయి. దాదాపు ప్రతి అంతస్తులోనూ పడుకున్నాను. ముందే చెప్పేస్తాను: హోటల్ మంచిదే, మళ్లీ అక్కడే దిగుతాను. అయితే అంత డబ్బు పెట్టినందుకు నాకు నిజంగా దక్కినవి రెండే. ఒకటి, కలత లేకుండా నిద్రపోయిన రాత్రులు. రెండోది, ఏదైనా తేడా వస్తే పైవాళ్లను అడగనక్కర్లేకుండా అక్కడికక్కడే సరిచేసిన మనుషులు. ఈ రెండూ దొరకని రోజున ఎంత ఖరీదైన లాబీ అయినా, ఎంత పెద్ద బాత్‌రూమ్ అయినా ఆ లోటు తీర్చలేదు.

నక్షత్రాలు చూసి ఈ రెండింటి సంగతీ తెలుసుకోలేం. అసలు ప్రపంచమంతటికీ వర్తించే ఒకే నక్షత్రాల పద్ధతి లేదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది, కొన్నిచోట్ల హోటళ్ల సంఘాలు ఇస్తాయి. యూరప్‌లో కొన్ని దేశాలు కలిసి 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ పేరుతో ఉమ్మడి కొలమానం పెట్టుకున్నాయి. అమెరికాలో 1958లో మొబిల్ ట్రావెల్ గైడ్‌గా మొదలై, ఇప్పుడు ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్‌గా నడుస్తున్న సంస్థ తన ఇన్‌స్పెక్టర్లను మామూలు అతిథుల్లా పంపి మార్కులు వేయిస్తుంది. ఎవరు ఏం కొలిచారో తెలియకుండా ఐదు నక్షత్రాలను నమ్ముకుంటే నిరాశ తప్పదు. రాత్రంతా మనిషి ఉండే రిసెప్షన్, ఏ వేళకైనా గదికి వచ్చే తిండి, శుభ్రమైన పరుపు. నక్షత్రాలను బట్టి నేను ఆశించేది అంతవరకే.

చెక్ ఇన్ దగ్గరే చాలామందికి మొదటి చిరాకు కలుగుతుంది. పొద్దున్నే ప్రయాణం చేసి వచ్చి, స్నానం చేసి పడుకుందామంటే గది సిద్ధంగా లేదంటారు. ఇంత పెద్ద హోటల్‌లో ఒక్క గది ఖాళీ లేదా అనిపిస్తుంది. నిజంగానే ఉండకపోవచ్చు. ముందు రోజు నిండిపోయి ఉంటే, ఖాళీ చేసేవాళ్లంతా మధ్యాహ్నం దాకా కదలరు. అందరూ ఒకేసారి కదిలాక హౌస్‌కీపింగ్ వాళ్లు గది తర్వాత గది సర్దుకుంటూ రావాలి. ఒక్కో గదికి అరగంట పైనే పడుతుంది. ఈ హోటల్‌లో నాకు పనిచేసిన పద్ధతి ఒకటే: ముందు రోజే ఫ్రంట్ డెస్క్‌కు రాసి పెడతాను. ఎన్ని గంటలకు వస్తానో చెప్తాను, ఎలాంటి గది కావాలో రెండు వాక్యాల్లో అడుగుతాను. గదుల కేటాయింపు చాలావరకు ముందు రాత్రో, ఆ రోజు పొద్దున్నో అయిపోతుంది. కౌంటర్ ముందు నిలబడి అడిగేసరికి మంచి గదులు వేరేవాళ్ల పేరు మీద ఉంటాయి.

ఒకసారి అర్ధరాత్రి దాటాక చేరేసరికి నా గది లేదు. బుకింగ్ ఉంది, డబ్బు కూడా కట్టేశాను. రాకుండా ఉండిపోయేవాళ్లు ఎలాగూ కొందరుంటారని పెద్ద హోటళ్లు ఉన్న గదుల కంటే ఎక్కువ బుకింగులు తీసుకోవడం మామూలే. ఆ లెక్క తప్పినప్పుడు ఆలస్యంగా వచ్చినవాళ్లే బలవుతారు. అలాంటప్పుడు అదే స్థాయి హోటల్‌లో తమ ఖర్చుతో గది చూపించి, కారులో పంపడం ఈ రంగంలో ఆనవాయితీ. వాళ్లూ అదే చేశారు. డ్యూటీ మేనేజర్ స్వయంగా వచ్చి, కుంటిసాకులు చెప్పకుండా "మా లెక్క తప్పిందండి, క్షమించండి" అన్నాడు. ఆ మాటతో నా కోపం సగం తగ్గింది. కానీ మర్నాడు తిరిగి వచ్చేసరికి పగటి డ్యూటీ వాళ్లకు ఈ విషయమే తెలియదు. జరిగిందంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. గది పోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఒక షిఫ్ట్‌లో జరిగింది ఇంకో షిఫ్ట్‌కు చేరకపోతే, రాత్రి చెప్పిన క్షమాపణకు పొద్దున విలువ ఉండదు.

ఇక గది సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం డబ్బిచ్చేది దీనికే.

ఇన్నేళ్లలో నాకు అర్థమైనదేమిటంటే, ఒకే హోటల్‌లో ఒకే ధర గదుల మధ్య ఉన్న తేడా, రెండు హోటళ్ల మధ్య ఉండే తేడా కంటే ఎక్కువ. పక్క గదిలోకి తలుపు ఉండే గదులు ప్రతి అంతస్తులోనూ కొన్ని ఉంటాయి. కుటుంబాలకు అవి చాలా వీలు, ఒంటరిగా దిగినవాళ్లకు మాత్రం నరకం. గోడ ఎంత మందంగా ఉన్నా ఆ తలుపు సందుల్లోంచి అవతలి ఫోన్ మాటలు, టీవీ వార్తలు, తెల్లవారుజామున మోగే అలారం అన్నీ వినిపిస్తాయి. లిఫ్ట్ పక్క గదుల్లో రాత్రంతా ఆ గంట మోత, బయట నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లు. సర్వీస్ లిఫ్ట్ వైపు గదుల్లో తెల్లారకముందే ట్రాలీల చప్పుడు మొదలవుతుంది. పై అంతస్తయితే ప్రశాంతంగా ఉంటుందనుకుంటారు, కానీ పైన బార్ ఉంటే దాని కింది రెండు మూడు అంతస్తులకూ సంగీతం దిగుతుంది. నాకు బాగా నచ్చినవి కారిడార్ చివర, వీధికి వెనకవైపు, మధ్య అంతస్తుల్లోని గదులు. కిటికీ లోంచి పెద్దగా ఏమీ కనిపించదు. రాత్రి మాత్రం ఏ చప్పుడూ ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పడకగదిలో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదనీ, ఉన్నట్టుండి వచ్చే శబ్దం 45 దాటకూడదనీ ఉంది. ఫోన్‌లోని యాప్‌లు అంత కచ్చితంగా కొలవవు గానీ, ఒక గదినీ ఇంకో గదినీ పోల్చుకోవడానికి సరిపోతాయి. అలా పోల్చినప్పుడు వీధి వైపు గదులకంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది గదిలోని ఏసీయే. ఫ్యాన్ ఆటోలో ఉంటే ఆగి ఆగి మొదలవుతుంది, ప్రతిసారీ మెలకువ వస్తుంది. తక్కువ వేగంలో ఆగకుండా తిరిగేలా పెట్టుకుంటే ఆ చప్పుడుకు చెవి అలవాటు పడిపోతుంది. ఈ హోటల్‌లో కొన్ని గదుల్లో కదలికను పసిగట్టే సెన్సర్ ఏసీలు పెట్టారు. కదలకుండా గాఢంగా నిద్రపోతే గదిలో ఎవరూ లేరనుకుని చల్లదనం తగ్గించేస్తాయి. కరెంటు పొదుపు నాకూ ఇష్టమే. కానీ పడుకున్న మనిషిని గుర్తుపట్టలేని సెన్సర్‌ను పడకగదిలో పెట్టకూడదు. రిసెప్షన్‌కు చెప్తే ఇంజినీర్‌ను పంపి దాన్ని ఆపేయిస్తున్నారు. అడగాలని చాలామందికి తెలియదు, అదే సమస్య.

కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం మన భ్రమ కాదు. బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో కరెంట్ బయాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తచోట మొదటి రాత్రి మెదడు ఎడమ సగంలో కొంత భాగం కుడివైపు అంత గాఢంగా నిద్రపోదనీ, చిన్న శబ్దానికీ స్పందిస్తుందనీ తేల్చారు. అది చదివాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతిసారీ అదే గది, కుదరకపోతే అదే వరసలో అలాంటి గది ఇవ్వమని అడగడం మొదలుపెట్టాను. మంచం ఎటు ఉందో, స్విచ్ ఎక్కడుందో చూడకుండానే తెలిసిన గదిలో మొదటి రాత్రి కూడా నాకు బాగానే గడుస్తోంది. పెద్ద గదికి ఉచితంగా మారుస్తామన్నా ఇప్పుడు వద్దంటున్నాను.

పరుపు విషయంలో ఫిర్యాదు లేదు. 1999లో వెస్టిన్ హోటళ్ల సంస్థ హెవెన్లీ బెడ్ పేరుతో తన ప్రత్యేకమైన పరుపును తెచ్చాక పెద్ద హోటళ్లన్నీ పరుపుల మీద పోటీ పడ్డాయి. రంగురంగుల మందపాటి కవర్లు పోయి తెల్ల దుప్పట్లు ఎక్కువయ్యాయి. తెలుపులో మరక దాగదు, అన్నీ కలిపి వేడినీళ్లలో బ్లీచ్ చేయొచ్చు. థ్రెడ్ కౌంట్, అంటే చదరపు అంగుళం బట్టలో ఉండే దారాల సంఖ్య, ఇంతని గొప్పగా చెప్తే మాత్రం పట్టించుకోకండి. పేనిన దారంలోని ఒక్కో పోగునూ విడిగా లెక్కపెట్టి ఆ అంకె పెంచడం ఆ వ్యాపారంలో ఉన్నదే. దుప్పటి చెంపకు తగిలినప్పుడు ఎలా ఉందో అదే లెక్క. దిండ్లు మూడు నాలుగు రకాలు అడిగితే ఇస్తారు, అది వాడుకోండి.

గదిని కొత్తగా మార్చినప్పుడు లైట్లు, కర్టెన్లు అన్నీ ఒక టచ్ ప్యానెల్‌కు కలిపారు. చీకట్లో నీళ్లు తాగాలన్నా ముందు ఆ తెర వెలుగు కళ్లలోకి కొడుతుంది. మంచం పక్కన చేతికి తగిలే మామూలు స్విచ్‌కు మించింది ఇంతవరకూ రాలేదు.

ఇక మనుషులు. అతిథులకు ఊళ్లో కావలసిన పనులు చేసిపెట్టే హోటల్ ఉద్యోగిని కాన్సియర్జ్ అంటారు. ఆయన కోటు కాలర్ మీద అడ్డంగా రెండు బంగారు తాళంచెవులు కనిపిస్తే, ఆయన లే క్లెఫ్ దోర్ సభ్యుడని అర్థం. 1929లో పారిస్‌లో మొదలైన కాన్సియర్జ్‌ల సంఘం అది. ఊరికే పెట్టుకునే అలంకారం కాదు, అనుభవం చూసి, పరీక్షించి ఇస్తారు. ఇక్కడి పెద్దాయన దగ్గర నాకు దొరికిన సాయానికి వెల కట్టలేను. ఆదివారం సాయంత్రం కళ్లజోడు విరిగితే, తెరిచి ఉన్న దుకాణం కనుక్కుని, మనిషిని పంపి గంటలో బాగు చేయించి తెప్పించారు. టికెట్లు, టేబుళ్లు ఫోన్‌లో మనమే బుక్ చేసుకోగలం. ఇలాంటి పని ఏ యాప్ చేస్తుంది?

దానికి పూర్తిగా విరుద్ధమైన రాత్రి కూడా ఇక్కడే చూశాను. పడుకున్నాక ఏసీ నుంచి మంచం మీదికి నీళ్లు కారడం మొదలైంది. రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు, ఖాళీ గదులున్నాయని కూడా చెప్పాడు. కానీ నేను బుక్ చేసుకున్న రకానికి మించిన గది ఇవ్వాలంటే మేనేజర్ అనుమతి కావాలట, మేనేజర్ ఫోన్ ఎత్తడం లేదు. ముప్పావు గంట లాబీలో కూర్చున్నాను. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతని చేతికి అధికారం ఇవ్వనివాళ్లదే తప్పు. రిట్జ్ కార్ల్‌టన్ సంస్థలో అతిథి సమస్య తీర్చడానికి ఏ ఉద్యోగి అయినా పైవాళ్లను అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చన్న నియమం ఈ రంగంలో అందరికీ తెలుసు. అంత అవసరం లేదు. ఖాళీగా ఉన్న గది తాళం ఇచ్చే హక్కు రాత్రి మనిషికి ఉంటే చాలు. ఆ విషయం మేనేజ్‌మెంట్‌కు రాశాను. తర్వాత ఇంకోసారి షవర్ చెడిపోయినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఐదు నిమిషాల్లో గది మార్చేసింది. అలా మార్చుకున్నందుకు ఆ హోటల్‌ను మెచ్చుకోవాలి.

నా ఇష్టాలు రాసిపెట్టుకోవడం కూడా బాగుంది. గట్టి దిండు, రాత్రి పక్క సర్దడానికి రావద్దు అనే రెండూ ఇప్పుడు చెప్పక్కర్లేదు. కానీ చొరవ ఎక్కువైనా ఇబ్బందే. మీటింగ్‌లో ఉండగా "అంతా బాగుందా అండి?" అని గదికి ఫోన్ చేయడం సేవ కాదు. డిస్టర్బ్ చేయొద్దన్న బోర్డు పెట్టినా ఒక రోజు దాటితే తలుపు తడతారు. 2017లో లాస్ వేగాస్‌లో ఒక హోటల్ గది నుంచి జరిగిన కాల్పుల తర్వాత చాలా హోటళ్లు ఈ నియమాన్ని కట్టుదిట్టం చేశాయి. దాని మీద నాకు అభ్యంతరం లేదు. వస్తామని ముందు ఒక మెసేజ్ పెడితే మంచిది.

బిల్లు దగ్గర జాగ్రత్త అవసరం. చెక్ ఇన్ అప్పుడు కార్డు మీద గది అద్దెకు మించి కొంత మొత్తం హోల్డ్ చేస్తారు. ఖాళీ చేశాక అది బ్యాంకు నుంచి వెనక్కి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. డెబిట్ కార్డు అయితే అన్ని రోజులూ ఆ డబ్బు మనకు అందదు కాబట్టి క్రెడిట్ కార్డే ఇవ్వండి. కొన్ని హోటళ్ల మినీబార్‌లో, అంటే గదిలో డబ్బు కట్టి తీసుకునే పానీయాలు ఉంచే ఫ్రిజ్‌లో, సీసా కాస్త పక్కకు జరిపినా బిల్లులో పడే సెన్సర్లు ఉంటాయి, మందులు పెట్టుకోవడానికి అందులో చోటు చేసుకోకండి, విడిగా చిన్న ఫ్రిజ్ అడగండి. రాత్రి రెండు మూడు గంటల మధ్య ఆ రోజు లెక్కలు మూసే పని జరుగుతుంది, ఆ సమయంలో బిల్లు అడిగితే ఆలస్యమవుతుంది. తెల్లారే విమానం ఉంటే ముందు సాయంత్రమే బిల్లు చూసుకుని, నాది కాని లాండ్రీ ఖర్చు లాంటివి ఉంటే తీసేయించుకుంటాను. రెండుసార్లకు ఒకసారి అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. అడిగితే వాదించకుండా తీసేస్తారు, కానీ ఆ స్థాయి హోటల్‌లో అతిథి అలా కాపలా కాయాల్సి రావడం బాగాలేదు.

పని మీద నాలుగైదు రాత్రులు ఉండేవాళ్లకు, నిద్ర తేలిగ్గా చెదిరిపోయేవాళ్లకు ఈ హోటల్‌ను గట్టిగా సిఫారసు చేస్తాను. హోటల్‌కే నేరుగా బుక్ చేయండి. వేరే సైట్ ద్వారా వస్తే గది మార్పు అడిగినప్పుడు "మీరు వాళ్లతో మాట్లాడుకోవాలండి" అనే మాట నాకు ఇక్కడే ఎదురైంది. ఒక్క రాత్రికి, అర్ధరాత్రి చేరి తెల్లారే వెళ్లిపోయేవాళ్లయితే ఇంత ఖర్చు అక్కర్లేదు, విమానాశ్రయం దగ్గర సగం ధరకు శుభ్రమైన గది దొరుకుతుంది. కింది అంతస్తుల్లో మరమ్మతులు మొదలవుతున్నాయని పోయినసారి చెప్పారు. అవి పూర్తయ్యేదాకా పగలు గదిలో కూర్చుని పని చేసుకోవాలనుకునేవాళ్లు, డ్రిల్లింగ్ ఏ వేళల్లో ఉంటుందో అడిగాకే బుక్ చేసుకోండి.