అడ్వా యుద్ధచిత్రం: అడిస్ అబాబాలో కొన్న ఒక ప్రతి

అడిస్ అబాబాలో జ్ఞాపికలు అమ్మే ఒక దుకాణంలో, నూలుగుడ్డపై చేత్తో రంగులు వేసిన అడ్వా యుద్ధచిత్రాన్ని కొన్నాను. 1896 మార్చి 1న ఇథియోపియా ఉత్తరాన తిగ్రాయ్ కొండల్లోని అడ్వా దగ్గర రెండవ మెనెలిక్ చక్రవర్తి సేనలు ఇటలీ సైన్యాన్ని ఓడించిన ఘట్టం ఇది. ఇథియోపియా చిత్రకారులు దీన్ని తరతరాలుగా ఒకే కట్టుబాటుతో వేస్తూ వస్తున్నారు కనుక, ఏ ప్రతి మంచిచెడ్డలైనా ఆ కట్టుబాటును ఎంత శ్రద్ధగా పాటించారన్న దాన్నిబట్టే తేల్చాలి.

ఎడమవైపు ఇథియోపియన్లు, కుడివైపు ఇటాలియన్లు బారులు తీరి ఉన్నారు. పైన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వన్నెల వలయంలో తెల్లగుర్రమెక్కిన సెయింట్ జార్జ్ కనిపిస్తాడు. యుద్ధం జరిగిన రోజు ఇథియోపియా పంచాంగం ప్రకారం యెకాతిత్ 23, ఆయనను స్మరించుకునే తిథి. ఎడమ దిగువన గుర్రం మీద పిస్తోలు పట్టుకొని ఉన్న మెనెలిక్ భార్య, మహారాణి తైతు బొమ్మ నాకు అన్నింటికన్నా నచ్చింది. గోరంత చేతిలో కూడా వేళ్లను సన్నని నల్లగీతలతో ఒక్కొక్కటిగా విడదీసిన ఆ ఓపిక యంత్రంతో అచ్చువేసిన ప్రతుల్లో దొరకదు.

ఈ సంప్రదాయంలో ధర్మపక్షం వారికి రెండు కళ్లూ కనబడేలా, శత్రువులకు ఒక కన్నే కనబడేలా ముఖాలు వేస్తారు. చర్చి గోడల మీది చిత్రాల నుంచి వచ్చిన నియమమిది. నా ప్రతిలో ఇటలీ సైన్యపు వెనుక వరుసలో ముగ్గురికి రెండేసి కళ్లు పడ్డాయి. తొందరలో జరిగిన పొరపాటే అయినా, చిత్రం అర్థమంతా ఆ కళ్లలోనే ఉన్నప్పుడు దీన్ని చిన్న లోపమని సరిపెట్టుకోలేను.

కొండల విషయం వేరు. ఇటలీ సేనాపతి జనరల్ బరాతియేరి తన సైన్యంలో మూడు బ్రిగేడ్లను రాత్రివేళ వేర్వేరు కనుమల గుండా ముందుకు నడిపించగా, తప్పుల తడక పటం వల్ల వాటిలో ఒకటైన అల్బెర్తోనే దళం మిగిలినవారికి దూరంగా కిదానె మెరెత్ కొండ దాకా వెళ్లి ఒంటరిగా చిక్కింది; ఆ తరువాత మిగిలినవీ విడివిడిగానే దెబ్బతిన్నాయి. ఇంతటి పాత్ర వహించిన కొండలు చిత్రంలో అంచున నాలుగు గోధుమరంగు గుట్టలుగా మిగిలాయి. మొదట అది వెలితిగా తోచింది. కానీ ఇందులో యుద్ధం సెయింట్ జార్జ్ సమక్షంలో వెలువడిన తీర్పు; ఎదురెదురు బారులు అందుకే అవసరమయ్యాయి. యుద్ధం నడిచిన తీరు తెలుసుకోవాలనుకునేవారు మాత్రం పక్కన ఒక పటం పెట్టుకొని చూడాలి.

కొనేవారికి నా సూచన ఒక్కటే: గుడ్డను చుట్టగా చుట్టనివ్వక, అట్టల నడుమ పరచి కట్టించుకోండి. దుకాణంవారు బిగించి చుట్టడంతో నా ప్రతిలో రంగు పగిలింది. ఆ పగులు సరిగ్గా తెల్లగుర్రం మెడ మీదుగా పోయింది.