పాత ప్యూజో సైకిల్: పీఎక్స్-10కి ఎంత, యూఓ-8కి ఎంత?

1970ల సైకిల్ మోజులో అమెరికాకు వచ్చిపడ్డ ఫ్రెంచ్ కంపెనీ ప్యూజో సైకిళ్లు ఇప్పటికీ గరాజ్ సేల్స్‌లో కనిపిస్తాయి. వాటిలో పీఎక్స్-10 రేసు మోడల్, యూఓ-8 చవక మోడల్. అమ్మేవాళ్లు ఏదైనా ‘వింటేజ్’ అని ఒకే రేటు చెబుతారు. యూఓ-8కి నేనైతే పీఎక్స్-10 రేటులో మూడో వంతు మించి పెట్టను.

గొట్టాలు: పీఎక్స్-10వి రేనాల్డ్స్ 531 అనే మేలురకం ఉక్కు, పలుచన, తేలిక. యూఓ-8వి మామూలు ఉక్కు, బరువు. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ) పైకి లాగి దాని మీది వ్యాసం అంకె చూడండి. 26.4 మి.మీ. ఉంటే మంచి గొట్టమని చాలావరకు నమ్మొచ్చు. పోస్టు తుప్పుపట్టి కదలనంటే మాత్రం రేటు సగానికి దించాల్సిందే.

క్రాంకు (పెడల్ బిగించే చేయి): పీఎక్స్-10ది స్ట్రాంగ్‌లైట్ కంపెనీ అల్యూమినియం. యూఓ-8ది కాటర్ పిన్నులతో (ఇరుసుకు బిగించే చీలలతో) ఉండే స్టీలు. మొరాయించిన పిన్ను ఊడదీసేసరికి తలప్రాణం తోకకొస్తుంది.

టైర్లు: పీఎక్స్-10కి రిమ్ముకు జిగురుతో అంటించే ట్యూబులర్లు, ఖర్చెక్కువ. యూఓ-8కి మామూలువే.

రిస్కు: రెండిటికీ ఫ్రెంచ్ కొలతల మరలే, ఇంగ్లిష్ పార్టులు ఎక్కవు. సింప్లెక్స్ కంపెనీ ప్లాస్టిక్ డీరైలర్‌లో (గేర్లు మార్చే భాగంలో) పగుళ్లున్నాయేమో చూసుకోండి.

వారాంతాల్లో దూరాలు తొక్కేవాళ్లు, పార్టుల కోసం తిరిగే ఓపికున్నవాళ్లు పీఎక్స్-10కి కాస్త ఎక్కువైనా పెట్టొచ్చు. స్టేషన్ దగ్గర తాళం వేసి వదిలేయడానికైతే యూఓ-8 చాలు. టైర్లు, కేబుళ్లు, బ్రేక్ ప్యాడ్ల ఖర్చు మినహాయించాకే బేరం మొదలుపెట్టండి.